మైనస్ నాలుగు ఎక్కడుంటుంది

చిక్కడపల్లి,
2 ఆగస్టు 2010, సోమవారం.

చిరంజీవి అనుదీప్‌కు మీ బాపు దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ అమ్మ, చెల్లెలు రచన బాగానే ఉన్నాము. నువ్వక్కడ వేళకు తిని వేళకు పడుకుంటున్నావని తలుస్తాను. నిన్ననే కళ్లారా చూసి వచ్చి ఇవాళ క్షేమం అడగడమేమిటని అనుకుంటావేమో. నిన్న నేను అడిగే తీరులో లేను. ఫోన్ చేద్దామంటే మీ హాస్టల్లో ఆదివారం తప్ప పిలవరు, అదీ వార్డెన్ పక్కనే నిలబడి వింటుంటాడు. అందుకని దుకాణంలో గిరాకీ లేని వేళ చూసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిన్న పేరెంట్స్ మీటింగులో నాకు జరిగిన అవమానం పగవాడికి కూడా వద్దు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. నారాయణగూడలో దిగాల్సినవాడిని చూసుకోక కాచిగూడ దాకా పోయాను. మీ అమ్మ అడిగితే ట్రాఫిక్ అన్నాను.

నీ ర్యాంకు పడిపోయిందంటే నేనేమీ అనుకోలేదు. ర్యాంకు కూడా గిరాకీ లాంటిదే, ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. కానీ లెక్కల సారు నీ టెస్టు పేపరు నా చేతిలో పెట్టాక, అందులో ఒక లెక్క దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. 3 < 1 − 2x ≤ 9 అని ఇచ్చి, x ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉంటుందో గీత మీద చూపించమన్నారు. నువ్వు అడ్డంగా ఒక గీత గీసి, మైనస్ నాలుగు దగ్గర నిండు చుక్క, మైనస్ ఒకటి దగ్గర ఖాళీ సున్న పెట్టి, మధ్యలో గీతను లావు చేశావు. కింద −4 ≤ x < −1 అని రాశావు. నేను టెన్త్ దాకానే చదివినా ఆ గుర్తు నాకు తెలుసు. నోరు తెరిచినవైపు పెద్దది, మూతి ముడిచినవైపు చిన్నది. అంటే మైనస్ నాలుగు చిన్నది, మైనస్ ఒకటి పెద్దది అని రాశావన్నమాట. దానికి సారు టిక్కు కూడా పెట్టాడు!

ఇరవై ఏళ్లుగా కళ్లద్దాల దుకాణం నడుపుతున్నాను. నాకు ఇంగ్లీషు రాకపోవచ్చు, మీ ఫిజిక్సు రాకపోవచ్చు. మైనస్ పవర్ గురించి మాత్రం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనిషి దుకాణం మెట్టు ఎక్కే తీరు చూసి మైనస్ రెండా, మూడా అని చెప్పేస్తాను, నువ్వే చూశావు. అందుకే ఆగలేకపోయాను. ఏందిరా ఇది, మైనస్ నాలుగు చిన్నదా, మైనస్ నాలుగోడు అద్దాలు తీస్తే గోడకు గుద్దుకుంటడు, మైనస్ ఒకటోడు అద్దాలు లేకున్నా బజారంత తిరిగొస్తడు, మరి ఏది పెద్దదిరా అని అడిగాను. పక్క కుర్చీల వాళ్లు వినాలని గొంతు కొంచెం పెంచిన మాట నిజమే. మీరు కూడా జర చూస్కోకుండ టిక్కు పెట్టిన్రు సార్ అని ఆయనకూ చెప్పాను.

హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో గోధుమరంగు చీర కట్టుకున్న ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సారు ఏదో అనబోయాడు. అంతలో నువ్వే తల వంచుకుని, తప్పు నాదే బాపు, సారు చూడలేదు అన్నావు. తప్పని నీ నోటితోనే ఒప్పుకున్నావు. అప్పుడే నా చెయ్యి లేచింది.

కొట్టినందుకు మీ అమ్మ నాతో మాట్లాడటం లేదు. పదహారేండ్ల పిల్లగాన్ని నలుగుర్ల గట్ల కొడ్తరా, మీకు జర సోయి ఉండాలె అంది. అన్నం గిన్నె నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నాకు మాత్రం సంతోషమా? నలుగురిలో తల దించుకునేలా చేశావు. దుకాణంలో మైనస్‌ల మధ్య పుట్టి పెరిగిన కొడుకు మైనస్ దగ్గరే తప్పితే ఆ తండ్రి మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

ప్రిన్సిపాల్ గారికి చెప్పే వచ్చాను. వచ్చే నెల ఐదో తేదీ మీటింగు దాకా చూస్తాను. ఆ రోజు నీ సామాను సర్దించి తీసుకొచ్చి ఇక్కడే నారాయణగూడలో లెక్కలు లేని సీఈసీలో చేరుస్తాను. సాయంత్రాలు దుకాణంలో కూర్చో. లెక్కలు అందరికీ రావు, అందులో పరువు తక్కువేమీ లేదు. ఈ మాట నీతో అంటే సరే బాపు అన్నావు, అంతే. పేపరు మడిచి జేబులో పెట్టుకుని క్లాసుకు వెళ్లిపోయావు.

చెంప వాచలేదు కదా?

మీ బాపు,
విఠల్.


చిక్కడపల్లి,
17 ఆగస్టు 2010, మంగళవారం.

అనుదీప్‌కు మీ బాపు ఆశీస్సులు.

మేము కులాసా. రచనకు జలుబు చేసి తగ్గింది. నా ఉత్తరం అందిందో లేదో తెలియదు, నీ దగ్గర నుంచి జవాబు లేదు. మొన్న ఆదివారం మీ అమ్మ పొద్దున్నుంచి ఫోన్ పక్కనే కూర్చుంది. చివరికి నేనే చేస్తే, కడుపునొప్పని పడుకున్నాడు, లేవనంటున్నాడు అని వార్డెన్ అన్నాడు. నీకు చిన్నప్పటి నుంచి కడుపునొప్పి ఎప్పుడు వస్తుందో నాకు తెలుసు. మీ అమ్మకు మాత్రం నిజమేనని చెప్పాను, వాము నీళ్లు ఎవరు ఇస్తారని ఇంకా బెంగపడింది.

నీతో ఒక సంగతి చెప్పాలి. మూడు రోజులుగా చెప్పాలా వద్దా అని ఊగిసలాడుతున్నాను.

అశోక్‌నగర్ నుంచి సూర్యనారాయణమూర్తి గారని ఒక పెద్దాయన మన దగ్గరే అద్దాలు చేయించుకుంటారు, నువ్వు చూసే ఉంటావు, తెల్ల పంచె, చంకలో గొడుగు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక కొత్త పవర్ చీటీ పట్టుకుని శనివారం వచ్చారు. ఫ్రేమ్ చూపిస్తూ మాటల్లో మాటగా నీ సంగతి ఎత్తాను. చూడున్రి సార్, మా పిల్లగాడు మైనస్ నాలుగు చిన్నదని రాసిండు, వాళ్ల సారు టిక్కు పెట్టిండు, ఏం చదువులో ఏందో అన్నాను. ఆయన కూడా తల ఊపుతారని నా ఆశ.

ఆయన ఫ్రేమ్ పక్కన పెట్టేశారు. విఠల్ గారూ, ఒక్క నిమిషం, మీ డబ్బాలో అద్దాల పొట్లాలు ఇలా బల్ల మీద పేర్చగలరా అండీ అన్నారు. సున్నా పవర్ అద్దం మధ్యలో పెట్టమన్నారు. దానికి కుడివైపు ప్లస్ ఒకటి, రెండు, మూడు, ఆరు దాకా. ఎడమవైపు మైనస్ ఒకటి, రెండు, అలా మైనస్ ఆరు దాకా. కౌంటర్ ఈ కొస నుంచి ఆ కొసకు సరిపోయింది. అప్పుడు మైనస్ నాలుగు అద్దం మీద ప్లస్ మూడు అద్దం పెడితే ఎంతవుతుందండీ అని అడిగారు. మైనస్ ఒకటి అయితది సార్, గిది కూడ అడుగుతరా అని నవ్వాను. మన దుకాణంలో రోజూ చేసే పనే కదా, అద్దం మీద అద్దం పెట్టి పవర్ చూసుకోవడం.

ఆయన నవ్వలేదు. అంటే మైనస్ నాలుగుకు మూడు కలిపితే గాని మైనస్ ఒకటి కాలేదన్నమాట, మూడు కలిపాక వచ్చింది పెద్దదవుతుందా, చిన్నదవుతుందా అండీ అన్నారు.

పొట్లాల వరస వైపు చూశానురా. మైనస్ నాలుగు దూరంగా ఎడమ పక్కన ఉంది. మైనస్ ఒకటి సున్నాకు ఆనుకుని ఉంది. నువ్వు పేపర్లో గీసిన గీత అచ్చంగా అదే. నేను చెప్పేది అద్దం బలమని, ఎంత మందమో, చూపు ఎంత తక్కువో చెప్పేదని, నువ్వు రాసింది గీత మీద చోటని మూర్తి గారు చెప్పారు. నీ లెక్కలో అడిగింది ఆ చోటేనట. మీవాడు సరిగ్గా రాశాడండీ, వాళ్ల సారు సరిగ్గానే దిద్దారు అన్నారు.

ఆయనకు చాయ్ తెప్పించాను. సగం తాగి వెళ్లిపోయారు. ఆ పొట్లాలు మాత్రం సాయంత్రం దాకా కౌంటర్ మీదే ఉంచాను. ఒక గిరాకీ వచ్చి ఇవేమన్న ఆఫర్లా అన్నా అని అడిగితే కసురుకున్నాను.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు, సెలవుల్లో దుకాణం నేల మీద కూర్చుని ఇలాగే పొట్లాలు పేర్చేవాడివి. మైనస్‌లన్నీ ఒక పక్క, ప్లస్‌లన్నీ ఒక పక్క, మధ్యలో సున్నా. నేను వచ్చి అన్నీ కలిపేసి, ఇట్ల కాదురా, ఎక్కువ పవర్‌వి ఒక డబ్బాలో, తక్కువవి ఒక డబ్బాలో అని మళ్లీ సర్దించేవాణ్ణి.

సరే, తెలియక అన్నాను. కానీ నాకు ఒక్క దానికే కోపంగా ఉంది. నువ్వు రాసింది సరైనదని నీకు తెలుసు. మరి తప్పు నాదే అని ఎందుకన్నావు? కాదు బాపు, నువ్వనేది వేరే, ఇది వేరే అని అక్కడే ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా? చెంపదెబ్బ తినేవాడివా? తండ్రికి తెలియనిది చెప్పాలి గాని తప్పు ఒప్పేసుకుని నిలబడితే నేనేమనుకోవాలి?

ఇక నిన్ను తీసుకొచ్చే సంగతి అలాగే ఉంది. ఆ ఒక్క లెక్క సరైనదే కావచ్చు, ర్యాంకు పడిపోయింది మాత్రం నిజమే కదా. దాని గురించి తర్వాత ఆలోచిద్దాము. వచ్చే ఆదివారం ఫోన్‌కు రా. నాతో మాట్లాడకపోయినా మీ అమ్మతో మాట్లాడు.

మీ బాపు,
విఠల్.


చిక్కడపల్లి,
31 ఆగస్టు 2010, మంగళవారం.

నాయనా అనుదీప్,

దీవించి రాస్తున్నానని మొదలుపెట్టబోయి ఆగాను. దీవించేంత పెద్దరికం ఈ పూట నాకు లేదు. మీ అమ్మ, రచన క్షేమం. నువ్వు క్షేమమని కళ్లతో చూశాను, అదెలాగో తర్వాత రాస్తాను.

పోయిన ఉత్తరంలో నీ మీదే కోపం రాశాను. పోస్టు డబ్బాలో వేసి నాలుగడుగులు వేశానో లేదో, వెనక్కి తీసుకునే వీలుంటే బాగుండుననిపించింది. తప్పు చేసింది నేను, దెబ్బ తిన్నది నువ్వు, పైగా నాకెందుకు చెప్పలేదని నిన్నే నిలదీశాను. మీ అమ్మకు ఆ ఉత్తరంలో ఏం రాశానో చెబితే, ఇంకా కొట్టుడు సాలలేదా అంది. ఆ మాట అనేసి పప్పుకు పోపు పెట్టుకుంది. అంతకన్నా తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

మర్నాటి నుంచి పొద్దున్నే మూర్తి గారింటికి వెళ్తున్నాను. అశోక్‌నగర్లో ఆ సందు సంగతి నీకు తెలుసు కదా, సెంట్రల్ లైబ్రరీకి పోయే పిల్లలు, కోచింగులకు పోయే పిల్లలు ఆరు గంటలకే పుస్తకాలు చంకన పెట్టుకుని గుంపులుగా నడుస్తుంటారు. వాళ్ల మధ్య నేనొక్కణ్ణే నెరిసిన మీసంతో, చేతిలో రచన పాత నోట్‌బుక్. దారిలో తెలిసిన టీ కొట్టు ఆయన, ఏంది విఠలన్నా, గ్రూప్ టూ రాస్తున్నవా అని ఎగతాళి చేశాడు. అవునన్నాను.

మొదటి రోజే నీ లెక్క ఇవ్వమన్నాను. మూర్తి గారు ఇంకా చిన్నవి చేద్దామన్నారు. కాదు, అదే కావాలన్నాను. మూడు చోట్ల నుంచి ఒకటి తీసేయడం దాకా బాగానే చేశాను. 2 < −2x ≤ 8 వచ్చింది. ఆ తర్వాత అంతటినీ మైనస్ రెండుతో భాగించి, గుర్తులు ఉన్నవి ఉన్నట్టే పెట్టి, −1 < x ≤ −4 అని రాసి కింద గీత కొట్టాను. చాలా గొప్పగా ఉంది నాకు. మూర్తి గారు దాన్ని చూసి, బావుందండీ, మరి అలాంటి సంఖ్య ఒక్కటి చెప్పండి అన్నారు. మైనస్ ఒకటికి కుడివైపున ఉండాలి, మైనస్ నాలుగుకు ఎడమవైపున కూడా ఉండాలి, రెండూ ఒకేసారి. కాసేపు వెతికాను. అటువంటి అద్దం మన దుకాణంలోనే కాదు, కోఠీ హోల్‌సేల్ వాళ్ల దగ్గర కూడా దొరకదు.

ఎక్కడ తప్పిందో ఆయన చెప్పలేదు, నన్నే కనుక్కోమన్నారు. ఇంటికి వచ్చి రచన ముందు కూర్చున్నాను. మీ చెల్లెలు రాక్షసి. మైనస్‌తోటి భాగిస్తే గుర్తు తిరగబడ్తది బాపు, గిది ఎనిమిదో క్లాసుల్నే చెప్పిన్రు అని నా నెత్తి మీద పెన్సిల్‌తో కొట్టింది. ఎందుకు తిరగబడుతుందే అంటే దానికీ తెలియదు, సారు చెప్పిండు అంతే అంది. దుకాణానికి పోయి మళ్లీ పొట్లాలు పేర్చాను. ప్లస్ రెండుకు కుడివైపున ప్లస్ నాలుగు ఉంది. రెండింటికీ మైనస్ పెట్టి చూశాను. మైనస్ రెండుకు ఎడమ పక్కకు పోయి కూర్చుంది మైనస్ నాలుగు. సున్నాకు అవతలి వైపుకు పోగానే వరస తిరగబడుతుంది, అందుకే గుర్తు కూడా తిప్పాలి. ఎవరూ చెప్పకుండా అది పట్టుకున్నాను రా. దుకాణంలో ఒక్కణ్ణే ఉన్నాను, ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. చెప్పాలనుకున్నది నీకే.

గుర్తులు తిప్పాక నీ జవాబే వచ్చింది. మైనస్ రెండు పెట్టి చూశాను, ఐదు వచ్చింది, సరిపోయింది. మైనస్ నాలుగు పెడితే తొమ్మిది, తొమ్మిదీ ఉండొచ్చన్నారు కాబట్టి అక్కడ నిండు చుక్క. మైనస్ ఒకటి పెడితే మూడు, మూడు కంటే ఎక్కువ కావాలన్నారు గాని మూడు కాదు, అందుకే అక్కడ ఖాళీ సున్న. నువ్వు ఎంత ఒద్దికగా పెట్టావు ఆ రెండింటినీ! ఆ రోజు నేను వాటిని చూడనే లేదు.

మూర్తి గారికి నేను కూడా ఒకటి చెప్పాను. మైనస్ ఆరు నుంచి ప్లస్ ఆరు దాకా పవర్లు డబ్బాలో రెడీగా ఉంటాయి, అంటే మైనస్ ఆరుకు తగ్గకూడదు, ఆరుకు మించకూడదు, రెండూ కుదరాలి, గీత మీద ఒకటే ముక్క. అది దాటితే ఆర్డరు పెట్టాలి, అంటే మైనస్ ఆరుకు తక్కువైనా సరే, ఆరుకు ఎక్కువైనా సరే, ఏదో ఒకటి కుదిరితే చాలు, గీత మీద రెండు ముక్కలు, మధ్యలో ఖాళీ. ఇన్నేళ్లు పిల్లలకు ఈ ఉదాహరణ చెప్పలేకపోయానే అని ఆయన తెగ సంబరపడ్డారు. మెచ్చుకుంటే సంతోషించాలి గాని, నాకు నువ్వే గుర్తొచ్చావు.

మొన్న శనివారం దుకాణం మూసి మీ కాలేజీకి వచ్చాను. నీకు చెప్పలేదు. మీ లెక్కల సారును కలిసి, ఆ రోజు మీ టిక్కు సరైనదే సార్, నాకే తెలియదు అన్నాను. సారు పాపం కుర్రవాడు, లేచి నిలబడ్డాడు. నేను అప్పుడే చెప్దామనుకున్న సార్, మీ బాబు నా దిక్కు చూసి వద్దని తల ఊపిండు అన్నాడు. సాయంత్రం స్టాఫ్ రూముకు కూడా వచ్చావట. మా బాపుకు చెప్పకున్రి సార్, దుకాణంల ఆయన మాటే అందరు వింటరు, ఆయనకు మనసుకు పట్టుకుంటది అని బతిమాలావట.

తర్వాత పోయిన వారం పేపరు చూపించాడు. అందులో మళ్లీ అటువంటి లెక్కే వచ్చింది. నువ్వు మొదటి వరస రాశావు, రెండో వరస రాశావు, మైనస్‌తో భాగించాల్సిన చోటికి వచ్చి ఆపేశావు. కింద ఖాళీ. ఈ పిల్లగాడు దీంట్ల ఎన్నడూ తప్పడు సార్, కావాలనే ఇడిసిపెట్టిండు అన్నాడు ఆయన. ఆ ఖాళీ చోటు మీద వేలు పెట్టి చూశాను. ర్యాంకు ఎందుకు పడిపోతోందని కూడా అడుగుదామనుకుని వచ్చినవాణ్ణి, ఇక అడగలేదు.

నిన్ను పిలిపిస్తానన్నాడు, వద్దన్నాను. వరండాలో కిటికీ దగ్గర నిలబడి ఒక నిమిషం చూశాను. మూడో బెంచీలో తల వంచుకుని రాసుకుంటున్నావు. కొద్దిగా చిక్కావు. లోపలికి వచ్చేందుకు నాకు మొహం చెల్లలేదు.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి, నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. నువ్వు ఎంపీసీలోనే ఉంటావు, ఎన్నేళ్లు చదువుకుంటే అన్నేళ్లు. నీకు లెక్కలు రావని నేనన్న మాట మరిచిపోమని అడగను, అది మరిచిపోయేది కాదు. ఆ రోజు అందరూ నిన్ను చూసి నవ్వుతున్నారనుకున్నాను, నా కొడుకును చూసి నవ్వుతున్నారే అని ఒళ్లు తెలియక చెయ్యి చేసుకున్నాను. నన్ను క్షమించమని ఒక తండ్రి కొడుక్కి ఎలా రాయాలో నాకు తెలియదు. ఇలాగే రాస్తారేమో.

ఐదో తేదీ ఆదివారం మీటింగుకు వస్తాను. మీ సారును అడిగి ఉంచాను. ఏ హాల్లో అయితే నోరు పారేసుకున్నానో అదే హాల్లో, అదే తల్లిదండ్రుల ముందు బోర్డు మీద నీ లెక్క నేను చేస్తాను. గీత గీసి చుక్క, సున్న పెట్టి, నా కొడుకు రాసిందే సరైనది, నేనే తెలియక కొట్టాను అని చెప్తాను. మీ అమ్మ, రచన కూడా వస్తారు. అమ్మ నీకు సకినాలు చేస్తోంది.

నీకు ఇష్టమైతేనే హాలుకు రా. రాకపోయినా నేను చేసే పని చేసే వెళ్తాను.

మీ బాపు,
విఠల్.

తా.క.
ఉత్తరం మడిచి కవర్లో పెట్టాక మళ్లీ బయటికి తీశాను. పైన ఒక అబద్ధం రాశాను. నిన్ను చూసి నవ్వుతున్నారనుకున్నానని రాశానే, అది. ఆ వాక్యం కొట్టేద్దామనుకుని అలాగే ఉంచాను, ఎలా తప్పించుకోవాలని చూశానో నీకు తెలియాలి.

హాలు గొల్లుమనగానే నేను చుట్టూ చూశాను. గోధుమరంగు చీరావిడ కొంగు అడ్డం పెట్టుకుని చూస్తున్నది నీ వైపు కాదు, నా వైపు. పక్క కుర్చీ ఆయన నన్ను చెప్పుల దగ్గర నుంచి పైదాకా చూశాడు. వాళ్లు నవ్వేది నన్ను చూసే అని నాకు అక్కడే తెలిసిపోయింది. ఏం తప్పు మాట్లాడానో తెలియలేదు గాని ఏదో తప్పు మాట్లాడానని మాత్రం తెలిసింది. అప్పుడే నువ్వు తప్పు నాదే బాపు అన్నావు. నన్ను కాపాడటానికే అన్నావని కూడా తెలిసింది. ఎందుకన్నావని పోయిన ఉత్తరంలో తెలియనట్టు అడిగాను.

అంతా తెలిసే కొట్టాను అనుదీప్. నిన్ను కొడితే వాళ్ల చూపు నా మీద నుంచి నీ మీదికి పోతుందని కొట్టాను. పోయింది కూడా. ఆ తర్వాత ఆ హాల్లో నన్ను చూసి ఎవరూ నవ్వలేదు.

ఈ మాట మీ అమ్మకు చెప్పలేదు, మూర్తి గారికీ చెప్పలేదు. ఆదివారం వస్తున్నాను. చాక్‌పీసు పట్టుకోగానే ఇన్ని రోజులు నేర్చుకున్నది కూడా మళ్లీ ఎక్కడో తప్పుతానేమో, వాళ్లు మళ్లీ నవ్వుతారేమో. నవ్వనీ. నువ్వు మాత్రం ఈసారి తప్పు నాదే అనకు.